బ్రేకర్ ట్రిప్ అయితే ఒక్కసారి నొక్కొచ్చా, అసలు ముట్టుకోకూడదా?

పిన్‌సాకెట్: ల్యాండింగ్ లైట్ సర్క్యూట్ బ్రేకర్ గాల్లో ట్రిప్ అయి బటన్ బయటికొచ్చిందని పైలట్ స్నాగ్ (లోపం ఫిర్యాదు) రాశాడనుకోండి. విమానం సెస్నా 172, 28 వోల్టుల సిస్టమ్. దిగాక నొక్కితే బ్రేకర్ నిలిచింది, లైటూ వెలిగింది. "రీసెట్ చేశాం, గ్రౌండ్ చెక్‌లో బాగుంది" అని రాసి విమానాన్ని వదిలేయొచ్చా? ఒక్కసారి నొక్కొచ్చన్నది నియమమా, మన అలవాటా?

బస్‌బార్28: ఒక్కసారి నొక్కితే కొంపలేం మునగవు. ఇవి థర్మల్ బ్రేకర్లు. లోపల రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగితే కాంటాక్టు విడిపోతుంది, అంటే బ్రేకర్ తెగుతుంది. ఆ పట్టీకి కరెంటు వేడి ఏదో, ఎండ వేడి ఏదో తెలీదు. మే నెలలో మధ్యాహ్నమంతా బేగంపేట ర్యాంపు మీద ఎండిన విమానంలో, రేటింగ్‌కి దగ్గరగా లోడు మోసే బ్రేకర్ ఏ లోపమూ లేకుండానే తెగొచ్చు. పాతబడి కాంటాక్టు నిరోధం పెరిగినా తన వేడికి తనే తెగుతుంది. ప్రతి ట్రిప్‌కీ లూమ్ (వైర్ల కట్ట) విప్పుకుంటూ కూర్చుంటే ఫ్లయింగ్ క్లబ్బులు తాళం వేసుకోవాల్సిందే.

హ్యాంగర్_పెద్దాయన: తాళం వేసుకోవడమే నయం. బ్రేకర్ పెట్టింది పరికరాన్ని కాపాడ్డానికి కాదు నాయనా, వైరుని కాపాడ్డానికి. అందుకే అమెరికా ఎఫ్‌ఏఏ మరమ్మతుల మార్గదర్శి ఏసీ 43.13-1బి పట్టికలో వైరు గేజ్‌ని బట్టి (అంకె పెరిగితే వైరు సన్నం) బ్రేకర్ రేటింగ్ ఉంటుంది: 20 గేజ్‌కి 7.5 ఆంపియర్లు, 18కి 10, 16కి 15. బ్రేకర్ తెగిందంటే ఆ వైరు మోయకూడనంత మోసి ఉండొచ్చు. మొదటిసారి ఇన్సులేషన్ మాడి మసి అవుతుంది. ఆ మసి కరెంటుని మోస్తుంది. రెండోసారి నొక్కినప్పుడు ఆర్క్‌కి (ఎగిసిపడే విద్యుత్ మెరుపుకి) దారి సిద్ధంగా ఉంటుంది. 2007 జులై 10న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 కూలి ఐదుగురు పోయారు. వెదర్ రాడార్ బ్రేకర్ మళ్లీ నొక్కడమే కారణం.

ట్రిమ్‌ట్యాబ్: పెద్దాయనా, శాన్‌ఫర్డ్ సంగతి సగమే చెప్పారు. అక్కడ బ్రేకర్ తనంతట తాను తెగలేదు. ముందురోజు పైలట్‌కి కాలిన వాసన వస్తే రాడార్ కట్టేసి, తనే బ్రేకర్ లాగి, స్నాగ్ రాశాడు. దాన్ని సరిచేయకుండానే మర్నాడు విమానం లేచింది. మర్నాటి పైలట్లు దాన్ని నొక్కి ఉంటారని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అంటే అది పైలట్ వేలి తప్పు కన్నా ముందు మెయింటెనెన్స్ తప్పు. లాగిన బ్రేకర్‌కి కాలర్ (బటన్ లోపలికి పోకుండా ఆపే క్లిప్పు) తొడిగి ట్యాగ్ కడితే నొక్కబోయే చెయ్యి ఆగుతుంది.

గాలినీ నేలనీ కలిపి మాట్లాడుతున్నాం, గొడవంతా అక్కడే. ఎయిర్‌బస్ విధానం ప్రకారం గాల్లో తనంతట తెగిన బ్రేకర్‌ని నొక్కకూడదు. ప్రయాణం క్షేమంగా సాగడానికి తప్పదని కెప్టెన్ అనుకుంటేనే నొక్కాలి, అదీ ఒక్కసారే. "ఒక్కసారి" అన్న మాట అక్కడిది, నేల మీద మనకిచ్చిన రాయితీ కాదు. ఫ్యూయల్ పంపు బ్రేకర్లయితే నేల మీద కూడా సిబ్బంది నొక్కకూడదు. సెస్నా 172లో లో-వోల్ట్స్ లైటు వెలిగితే ఆల్టర్నేటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయమని హ్యాండ్‌బుక్కే చెబుతుంది. ఓవర్‌వోల్టేజీకి కంట్రోల్ యూనిట్ తెగి ఉండొచ్చు కదా. లైటు మళ్లీ వెలిగితే ఆల్టర్నేటర్ కట్టేసి, అనవసరమైన లోడ్లు తీసేసి, దిగిపోవడమే. లేకపోయినా ఎగరగలిగే ల్యాండింగ్ లైటుకి పగటిపూట గాల్లో ఆ ఒక్కసారి కూడా దండగే.

బస్‌బార్28: గాలి సంగతి ఒప్పుకున్నా. నేల మీద ఎంతదూరం వెతకాలి? అది చెప్పండి.

హ్యాంగర్_పెద్దాయన: అరపూట పని. బ్యాటరీ విప్పు, లైటు కనెక్టర్ విప్పు. బ్రేకర్ లోడ్ వైపు వైరుని బ్రేకర్ నుంచి వేరుచెయ్. స్విచ్ ఆన్‌లోనే ఉంచు, లేకపోతే స్విచ్ దాకానే కొలిచినట్టవుతుంది. ఆ వైరుకీ ఎయిర్‌ఫ్రేమ్‌కీ మధ్య మీటర్ పెట్టి, ఇంకొకరు లూమ్‌ని కొంచెం కొంచెం కదుపుతూ పోవాలి. రీడింగ్ గెంతిన చోటే దొంగ. రెక్క మొదలు, గ్రొమెట్ (అంచుకి వేసే రబ్బరు రింగు) జారిన రంధ్రం, కంట్రోల్ కేబుల్ పక్కన వదులైన లూమ్, లూమ్‌ని పట్టి ఉంచే పీ-క్లాంప్‌లో రబ్బరు అరిగిందా అన్నవి మొదట చూడు. రబ్బరు పోయాక క్లాంప్ లోహమే వైరుని కోస్తుంది. కట్టుకీ కట్టుకీ మధ్య వైరు చేత్తో నొక్కితే అర అంగుళం కన్నా ఎక్కువ వేలాడకూడదు.

తర్వాత క్లాంప్ మీటర్. బల్బు 100 వాట్లదైతే 28 వోల్టుల దగ్గర 3.6 ఆంపియర్లు లాగాలి. అంతకన్నా బాగా ఎక్కువైతే పార్ట్ నంబర్ చూడు, ఎవరో 250 వాట్లది బిగించి ఉంటారు, అది దాదాపు 9 లాగుతుంది. కరెంటు సరిగ్గా ఉండీ తెగుతుంటే అప్పుడు బ్రేకర్‌ని అనుమానించు. లోడు పెట్టి బ్రేకర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలిచి, అదే రేటింగ్ ఉన్న కొత్త దానితో పోల్చు, ఎక్కువుంటే కాంటాక్టు నిరోధం పెరిగినట్టే. స్విచ్ బదులు బ్రేకర్ లాగి ఆపే అలవాటున్న చోట ఇవి తొందరగా పోతాయి.

బస్‌బార్28: ఇంత తంటా ఎందుకు, ఇన్సులేషన్‌ని పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ వేస్తే సరి.

ట్రిమ్‌ట్యాబ్: ఏవియానిక్స్ (విమానం ఎలక్ట్రానిక్ పరికరాలు) తగిలించి ఉండగా వేస్తే మెగ్గర్ వైరుని కాదు, మీ జేబుని పరీక్షిస్తుంది. రెండు కొసలూ విప్పాకే. పైగా గీసుకుపోయిన రాగి పొడిగా, లోహానికి కాస్త దూరంగా ఉంటే మెగ్గర్ కూడా పాస్ అంటుంది. ఎండాకాలం పాసైన వైరే తొలకరి తడికి బ్రేకర్‌ని తెగేలా చేస్తుంది. కళ్లతో చూడాల్సిందే.

ఇంకోటి. బ్రేకర్ తెగలేదు కాబట్టి వైరు బాగుందనుకోవద్దు. ఆర్క్ ఆగి ఆగి వస్తుంది. సగటు కరెంటు తక్కువ, పట్టీ వేడెక్కదు. 1998 సెప్టెంబర్ 2న స్విస్ఎయిర్ 111లో 229 మంది పోయారు. ఆ ఎండీ-11లోని బ్రేకర్లకి అన్ని రకాల ఆర్క్‌లనీ ఆపే శక్తి లేదని కెనడా దర్యాప్తు తేల్చింది. ఆర్క్‌ని పసిగట్టే బ్రేకర్లు వచ్చింది ఆ లోటు పూడ్చడానికే.

పిన్‌సాకెట్: మళ్లీ మళ్లీ తెగుతుంటే 7.5 తీసి 10 ఆంపియర్లది పెట్టొచ్చా? లాగ్‌లో ఏం రాయాలి?

హ్యాంగర్_పెద్దాయన: 20 గేజ్ వైరు అలాగే ఉంచి 10 పెడితే వైరే ఫ్యూజ్ అవుతుంది. అది ఆమోదిత డేటా లేని మోడిఫికేషన్ కూడా. లాగ్‌లో "రీసెట్, నార్మల్" అని రాయకు. ఏ బ్రేకర్, ఎన్ని ఆంపియర్లు లాగింది, లూమ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చూశావు, ఏం మార్చావు అన్నవి రాయి. ఏమీ దొరక్కపోతే అదీ రాయి. బ్రేకర్ లాగి, కాలర్ వేసి, ఎంఈఎల్ (ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరొచ్చో చెప్పే జాబితా) ఒప్పుకుంటే లైటు లేకుండా పగలు పంపు.

బస్‌బార్28: కాలర్ దగ్గర నాకు పేచీ లేదు. కానీ ఎండకి తెగిన బ్రేకర్‌కి కూడా అరపూట ఖర్చు పెట్టమంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ముందు మిల్లీవోల్టులు కొలుస్తా, అది పది నిమిషాల పని. తేడా ఉంటే బ్రేకర్ మారుస్తా, లేకపోతేనే లూమ్ విప్పుతా.

హ్యాంగర్_పెద్దాయన: కొలవడానికి నొక్కాలి కదా. నొక్కేముందు లూమ్ చూసి రా.