బొంత అరటి, తేగల పిండితో చిరుతిండి: ఎక్స్‌ట్రూడర్ వాడవచ్చునా?

ప్రశ్న: కోనసీమ విద్యార్థిని

మేము ఆహార సాంకేతిక శాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాము. ధర పడిపోయినప్పుడు తోటలోనే మిగిలిపోయే బొంత అరటి గెలలను, చలికాలం దాటితే దొరకని తేగలను పిండి చేసి, బడిపిల్లలు ఏడాది పొడవునా తినగలిగే కరకరలాడే చిరుతిండిగా మార్చాలన్నది మా ప్రాజెక్టు. కళాశాలలో ట్రే డ్రయ్యర్, ఎక్స్‌ట్రూడర్ (తడిపిన పిండిని వేడి, ఒత్తిడితో అచ్చు గుండా నెట్టి చిరుతిండిగా మలిచే యంత్రం) ఉన్నాయి. అయితే అరటి పిండి నల్లబడుతోంది, తేగల పిండి చేదుగా వస్తోంది. ఎక్కడ సరిదిద్దుకోవాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఆహార శాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ

కోసిన ముక్కలోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు గాలి తగలడం వల్ల అరటి నల్లబడుతుంది కనుక, ముక్కలను కోసిన వెంటనే సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో ముంచి, పలుచగా పరచి, 60 డిగ్రీలు మించకుండా ఆరబెట్టండి. ఆ హద్దుకు మరో కారణం కూడా ఉంది. పచ్చి అరటికి అసలు విలువ రెసిస్టెంట్ స్టార్చ్ వల్లనే వస్తుంది; అది చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. తడితో పాటు వేడి 70 డిగ్రీల దరిదాపులకు చేరితే ఆ పిండి రేణువులు ఉబ్బి, సులువుగా అరిగే పిండిగా మారిపోతాయి. ఎక్స్‌ట్రూడర్‌లో వేడి సాధారణంగా 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, దాని నుంచి వచ్చిన చిరుతిండి రుచిగా ఉండవచ్చు గానీ, ఆ గుణం ఉందని ప్యాకెట్టు మీద రాయడం సరికాదు. యంత్రం ఉన్నది కదా అని పదార్థాన్ని దానికి ఒప్పించకండి. అరటి పిండిని మజ్జిగలో కలుపుకొని తాగే పొడిగా చేయడం నాకు ఎక్కువ సబబుగా తోస్తోంది.

సమాధానం: రాజోలు గృహిణి

అమ్మాయీ, మీరు పచ్చి తేగలనే ఎండబెట్టి ఆడిస్తున్నారేమో చూసుకోండి. మా ఇళ్లలో తేగలను తంపటి వేయకుండా, లేదా ఉడికించకుండా ఎవరూ తినరు. బాగా ఉడికిన తరువాత పైపొరనూ, నడిమి మొలకనూ తీసివేసి, సన్నగా తరిగి ఎండబెట్టండి. పీచు మిగిలితే పిల్లల గొంతుకు తగులుతుంది కనుక పిండిని తప్పకుండా జల్లించాలి.

సమాధానం: ఆహార శాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ

ఆమె చెప్పినది రుచికి మాత్రమే సంబంధించిన మాట కాదు. పచ్చి తేగల పిండి ఎలుకలకు హాని చేసినట్లు ప్రయోగాలలో తేలింది కాబట్టి, పిల్లల ఆహారంలో ఉడికించిన పిండినే వాడాలి. ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పందిరిమామిడి కేంద్రంలో తాటి ఉత్పత్తుల మీద, కొవ్వూరు కేంద్రంలో అరటి మీద పరిశోధన జరుగుతోంది. పిండి ఆడించే ముందే ఆ రెండు చోట్లకూ వెళ్లి రండి. ప్యాకెట్టు కట్టే ముందు వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులు వాడుకోగల నీరు ఎంత ఉందో తెలిపే కొలత) కొలవండి, అది 0.6 కంటే తక్కువగా ఉంటే బూజు పెరగదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

కృతజ్ఞతలండి. మేము ఆడించినది పచ్చి తేగలనే. అరటిని మజ్జిగ పొడికి కేటాయించి, ఉడికించిన తేగల పిండిని బియ్యప్పిండితో కలిపి ఎక్స్‌ట్రూడర్‌లో వేసి చూస్తాము.