సమస్య: ‘పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె’ (పూరణలు, విమర్శ)

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

పురుగు, పోయి, మిగులు, పొట్టు, గెలిచె. అయిదూ సూర్యగణాలే. యతి పు–పొ. ఒకటే షరతు: పూరణ పోకెమాన్ పోటీ మీద, అందులోనూ షెడింజా మీద ఉండాలి. పేరు తలచి వదిలేస్తే చాలదు, దాన్ని ఎలా ఆడితే గెలుస్తుందో పద్యంలో తెలియాలి.

మన గుంపులో సగం మంది విజయవాడ, గుంటూరు సభల్లో అవధానాలు వింటూ పెరిగిన పెద్దలు, సగం మంది ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలు. పెద్దల కోసం నాలుగు మాటలు. పోకెమాన్ ఒక వీడియో ఆట. ఇద్దరు ఆటగాళ్లు తలా ఆరు ప్రాణుల జట్టుతో వచ్చి, ఒక్కోదాన్ని దింపి, కావాలంటే మధ్యలో మార్చుకుంటూ పోరాడిస్తారు. షెడింజా 2002లో జపాన్‌లో విడుదలైన రూబీ, సఫైర్ ఆటల్లో వచ్చింది. జాబితాలో 292వది. మట్టిలో ఉండే నింకాడా అనే పురుగుకు 20వ లెవెల్‌లో రెక్కలొచ్చి నింజాస్క్ అవుతుంది. ఆ సమయానికి మన జట్టు ఆరు చోట్లలో ఒకటి ఖాళీగా ఉంటే, అది విడిచిన పెంకు కూడా షెడింజాగా వచ్చి చేరుతుంది. 2006 నాటి డైమండ్, పెర్ల్ ఆటల నుంచి సంచిలో ఒక పోకే బాల్ (ప్రాణులను పట్టి ఉంచే బంతి) కూడా మిగిలి ఉండాలి. చెట్టు బెరడును పట్టుకుని వేలాడే కీచురాయి పెంకును చూసినవారికి దీని రూపం వెంటనే తెలుస్తుంది.

దీని హెచ్‌పీ (ప్రాణబలం, అది సున్నా అయితే పడిపోయినట్టే) ఎప్పుడూ 1. నూరో లెవెల్‌కి పెంచినా అంతే. అయితే వండర్ గార్డ్ అనే గుణం ఉంది. దాని బలహీనతకు సరిపడే రకం దాడులు తప్ప మరేదీ దానికి తగలదు. నిప్పు, రాయి, గాలి, భూతం, చీకటి: ఈ అయిదే దాని బలహీనతలు.

మొదటి పూరణ సత్యనారాయణపురం నుంచి వచ్చింది:

రెక్కలొచ్చి యెగిరె రివ్వున నింజాస్కు
ఖాళి గడిని నిలిచె కదలకుండ
నీటిరేడు కొట్టు నీళ్లకూ తడవదు
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

ఎత్తుగడ చాలా బాగుంది. ‘రివ్వున’ దగ్గర యతి వెతికి తెచ్చి పెట్టినట్టు లేదు, మాట తనంతట తాను వచ్చి కూర్చుంది. మొదటి రెండు పాదాల్లోనే పుట్టుక కథంతా చెప్పేశారు. నీటిరేడు ఎవరని మొగల్రాజపురం సభ్యులు అడిగారు. కయోగర్. దిగగానే వాన కురిపించే మహాబలశాలి. అది సాధారణంగా తెచ్చే నీరు, మంచు, మెరుపు దాడుల్లో ఒక్కటీ షెడింజాకు తగలదు. అంత పెద్ద ప్రాణి ఒక పెంకు ముందు నిలబడిపోవడం ఈ ఆటలో నిజంగా జరిగేదే.

నా అభ్యంతరం మూడో పాదం మీద. తడవకపోవడం వేరు, గెలవడం వేరు. షెడింజా దాడి బలం 90, అంటే మధ్యరకం. వేగం 40 మాత్రమే, ఎగిరిపోయిన నింజాస్క్‌ది 160. అందుకే షెడింజా చేతిలో వేగంతో పని లేకుండా ముందే తగిలే షాడో స్నీక్ ఉంచుతారు. ఎదుటివాడిని కాల్చి అతని చేతిబలం తగ్గించే విల్-ఓ-విస్ప్ కూడా ఉంచుతారు. ఈ పూరణలో కాచుకోవడం ఉంది, కొట్టడం లేదు.

రెండోది బ్రాడీపేట మాస్టారు పంపారు. ఆయన ఈ ఆట ఎన్నడూ ఆడలేదట, మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని రాశానన్నారు:

నిప్పు, రాయి, గాలి, నిశి, భూత మీ యైదు
తప్ప వేరె దెబ్బ తగుల దంట
ఐదు గాచునట్టి యంగరక్షకులుండ
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

అయిదు బలహీనతలను ఒక్క పాదంలో ఒదిగించి, యతికి ‘నిశి’ని తేవడం చేయితిరిగిన పని. రెండో పాదం ఎవరితోనో మాట్లాడుతున్నంత సహజంగా ఉంది. ఇంకో విశేషం: జట్టులో షెడింజా పోను మిగిలేది అయిదుగురే. అయిదు ముప్పులకు అయిదుగురు కాపలా. మాస్టారు అది ఉద్దేశించారో లేదో కానీ పద్యంలో లెక్క కుదిరింది.

ఇక్కడే పటమట కుర్రాడు మంచి చర్చ లేవదీశాడు. అతని మాటల్లోనే: “గురువుగారూ, అంగరక్షకుడిగా అందరికన్నా పనికొచ్చేది టైరానిటార్. నిప్పు, గాలి, భూతం, చీకటి, ఈ నాలుగూ దానికి సగమే తగులుతాయి. కానీ అది దిగగానే ఇసుక తుఫాను లేస్తుంది. ఆ ఇసుకకు మన షెడింజానే చచ్చిపోతుంది. అంగరక్షకుడే చంపేసినట్టు అవుతుంది కదండీ?”

అవును. దెబ్బ తగలదు కానీ, దెబ్బ కానిది ఏదైనా తగులుతుంది. ఇసుక తుఫాను, వడగళ్లు, విషం, కాలిన గాయం, మతిభ్రమలో తనను తాను కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా ఉన్న ఒక్క హెచ్‌పీ పోతుంది. గరుకు చర్మం ఉన్నదాన్ని ముట్టుకుని కొట్టినా అంతే. మోల్డ్ బ్రేకర్ గుణం ఉన్నవాళ్లకైతే వండర్ గార్డ్ అసలు అడ్డే కాదు. టైరానిటార్‌నే తేవాలనుకుంటే తుఫాను లేపని అన్‌నర్వ్ గుణమున్న దాన్ని తేవాలి. లేదా షెడింజాకు ఇసుక తగలకుండా సేఫ్టీ గాగుల్స్ పెట్టాలి. అప్పుడు చేతిలో ఇంకో వస్తువు ఉండదు, ఎందుకంటే ఒక్కో ప్రాణి ఒక్క వస్తువే పట్టుకోగలదు.

ఈ ఒక్క వస్తువు దగ్గరే షెడింజా ఆడేవాళ్లకు అసలు టెన్షన్. ఫోకస్ శాష్ ఇస్తే నిప్పు దెబ్బనైనా ఒక్కసారికి తట్టుకుంటుంది. కానీ దిగిన ప్రాణికి తగిలేలా ఎదుటివాడు నేల మీద పరిచిన రాళ్లను అది ఆపలేదు. 2019లో స్వోర్డ్, షీల్డ్ ఆటలతో వచ్చిన హెవీ-డ్యూటీ బూట్స్ ఇస్తే రాళ్లూ ముళ్లూ ఏమీ చేయవు, కానీ మొదటి నిప్పురవ్వకే పోతుంది. ఏది ఎంచుకున్నా ఒక తలుపు తెరిచే ఉంటుంది. ఆ తలుపు దగ్గర ఎవరిని నిలబెట్టాలన్నదే జట్టు కూర్పు. నాకు ఈ ప్రాణి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే. మిగతావాటి విషయంలో చిన్న పొరపాటు చేసినా సర్దుకోవచ్చు, దీనితో ఆ వెసులుబాటు లేదు.

మాస్టారి పద్యంలో ‘తగుల దంట’ అన్న వినికిడి మాట బలహీనంగా ఉందని, ‘తగుల దెపుడు’ అంటే గణం కూడా సరిపోతుందని ఒకరు సూచించారు. మోల్డ్ బ్రేకర్ లాంటి మినహాయింపు ఉన్నప్పుడు ‘ఎపుడు’ అని తేల్చి చెప్పడం కన్నా ‘అంట’యే నయం. మాస్టారు అలాగే ఉంచమన్నారు, నేనూ ఉంచాను.

పటమట కుర్రాడి పూరణ ఇది, అతను పంపినది పంపినట్టే:

బూట్లు తొడిగి పంపు, పొంచు రాళ్లేం చేస్తాయి
నిప్పు వచ్చువేళ నీటివాని
మార్చి నిలుపు, మరల మలియెత్తులో దింపు
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

బాబూ, ఎత్తు నూటికి నూరు పాళ్లు సరైనది. నిప్పు వస్తుందని పసిగట్టి నీటి ప్రాణిని దింపడం, ప్రమాదం తప్పాక షెడింజాను మళ్లీ తేవడం, ఆడినవాళ్లకే తట్టే విషయాలు. పద్యంలో రెండు చోట్ల చేయి పెట్టాలి. మొదటి పాదం చివర ‘ళ్లేం చేస్తాయి’ మూడు గురువులు, ఒక లఘువు. అది ఇంద్రగణం కాదు. ‘రాళ్లేం చేయు’ అంటే త గణం అవుతుంది. రెండోది అన్వయం. పంపు, నిలుపు, దింపు అని ఆజ్ఞలు ఇచ్చుకుంటూ వచ్చి, చివర ‘గెలిచె’ అని జరిగిపోయిన సంగతి చెబితే అతుకు కనిపిస్తుంది. పంపె, నిలిపె, దింపె అను. మూడు చోట్లా గణం చెదరదు:

బూట్లు తొడిగి పంపె, పొంచు రాళ్లేం చేయు
నిప్పు వచ్చువేళ నీటివాని
మార్చి నిలిపె, మరల మలియెత్తులో దింపె
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

ఇప్పుడు ఒక ఆటగాడు కళ్ల ముందు ఆడుతున్నట్టుంది.

అరండల్‌పేట నుంచి రైస్ మిల్లు పెద్దాయన షరతు పక్కన పెట్టి మరీ పంపారు:

బియ్యమందు పురుగు పెరిగెను, ధర పోయె
ఊకరాశి యున్న దొక్క మూల
ఇటుక కాల్చువాడు హెచ్చు వెల నొసంగె
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

ధార బాగుంది బాబాయ్. కానీ షరతు సంగతి అలా ఉంచినా, పురుగు బియ్యంలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. ‘పోయి’ అన్న మాటకు న్యాయం జరగలేదు. పోటీలోకి తీసుకోలేదు.

తరువాతిది కృష్ణలంక సభ్యురాలిది:

ముళ్లు రాళ్లు పరచె ముంగిట శత్రువు
అడుగు మోపరాని యట్టి చోట
దారి చదును చేసె తాబేలు గిరగిర
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

‘తాబేలు గిరగిర’ చదవగానే పిల్లలందరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు. అది బ్లాస్టాయిస్. ర్యాపిడ్ స్పిన్‌తో గిర్రున తిరిగి మన వైపు పరిచిన రాళ్లూ ముళ్లూ ఎగరగొడుతుంది. పైగా నీటి రకం కాబట్టి నిప్పుకు ఎదురు నిలుస్తుంది. అంటే పటమట కుర్రాడు చెప్పిన నీటివాడు, ఈవిడ తాబేలు ఒక్కరే కావచ్చు. అంగరక్షకుడు ఒకడు ఇలా రెండు పనులు చేస్తేనే షెడింజా బూట్లు విప్పి శాష్ కట్టుకోగలదు. ఒక్క జాగ్రత్త: ఎదుట భూత రకం ప్రాణి ఉంటే ర్యాపిడ్ స్పిన్ తగలదు, దారి చదును కాదు. పద్యానికి అది లోపం కాదు, ఆడేటప్పుడు గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో ఇదే మొదటి స్థానంలో ఉండేది, ఆదివారం రాత్రి పట్టాభిపురం అమ్మాయి పూరణ రాకపోయి ఉంటే. పదో తరగతి చదువుతోంది:

ఎదురు పక్షమందు నెవ్వరున్నారని
లెక్కగట్టి నిప్పు లేని దాక
దాచి దాచి తుదకు దానిని దింపగా
పురుగు పోయి మిగులు పొట్టు గెలిచె

షెడింజాను ఎలా ఆడాలో ఇంతకన్నా సూటిగా చెప్పలేం. చాలామంది దీన్ని మొదట్లోనే దింపి, ఎదుటివాడు నివ్వెరపోతాడని చూస్తారు. పోటీల్లో ఆడేవాళ్లు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. షెడింజా కనబడగానే రాళ్లు పరుస్తారు, టైరానిటార్‌ను దింపుతారు. టైరానిటార్ చేతిలో రాయి, చీకటి రెండూ ఉంటాయి, వెంట ఇసుక ఉండనే ఉంది. ఈ అమ్మాయి చెప్పిన పద్ధతి వేరు. మిగతా అయిదుగురితో ముందు ఎదుటివాడి దగ్గరున్న ఆ అయిదు రకాల వాళ్లను ఒక్కొక్కరినే పడగొట్టాలి. ఎవరి చేతిలో ఏ దాడి ఉందో బయటపడేదాకా ఓపిక పట్టాలి. అందాకా షెడింజా సంచిలోనే ఉండాలి. ఎదుట చివరికి మిగిలిన ఒకరిద్దరి దగ్గర దాన్ని తాకగల దాడి లేదని రూఢి అయ్యాక దింపితే, అప్పటికే ఆట ముగిసినట్టు. ఇక వాళ్లు ఎంత బలవంతులన్నది లెక్కలోకి రాదు. ‘దాచి దాచి’ అన్న రెండు మాటల్లో ఆ ఓపికంతా ఉంది.

బ్రాడీపేట మాస్టారు ఒక సవరణ చెప్పారు: “అమ్మాయీ, పద్యం బ్రహ్మాండంగా ఉంది. నిప్పు ఒక్కటే పోతే మిగతా నాలుగూ ఉంటాయి కదమ్మా. అక్కడ ‘ముప్పు’ అని వేసి చూడు. గణం మారదు, యతి స్థానం కూడా కాదు.”

ఉపలక్షణంగా నిప్పు అంటే అయిదూ వస్తాయని నేను సమర్థించబోయాను. అమ్మాయే ఒప్పుకోలేదు: “వద్దు అంకుల్, తాతగారు చెప్పిందే పెట్టండి. ముప్పు అంటే ఇసుక, విషం, మోల్డ్ బ్రేకర్ కూడా వచ్చేస్తాయి. నేను మొన్న ఓడిపోయింది విషం వల్లే, నిప్పు వల్ల కాదు.”

‘లెక్కగట్టి ముప్పు లేని దాక’ అని మార్చాను. మొదటి స్థానం పట్టాభిపురానిది, రెండోది కృష్ణలంకది. పటమట కుర్రాడు సవరించిన పద్యాన్ని తన పేరుతోనే మళ్లీ పంపాలి, మూడో స్థానం అతని కోసం ఉంచాను.