పుస్తకంలో లేని మాటను మనం కట్టొచ్చా?

బ్రాడీపేట
మొన్న ఆదివారం ఎరగాన్ నవలల భాష గురించి మనమంతా విజయవాడలో కూర్చున్నప్పుడు మొదలైన వాదన చీకటి పడ్డా తెగలేదు. గుంటూరు బస్సుకు టైమయిందని లేచి వచ్చేశాను గానీ నా మనసంతా అక్కడే ఉంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజు రాని వాళ్ల కోసం రెండు ముక్కలు. క్రిస్టఫర్ పావోలిని రాసిన ఎరగాన్ నవలల్లో మంత్రాలన్నీ ‘ప్రాచీన భాష’లో ఉంటాయి. ఆ భాషలో వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుంది. ఆ భాషలో ఎవరూ అబద్ధం ఆడలేరు. 2003 నుంచి 2011 దాకా వచ్చిన నాలుగు పుస్తకాల్లో చివర ఇచ్చిన పదకోశాలు, మధ్యలో వచ్చే వాక్యాలు ఏరి మేం ఒక నోటుబుక్ తయారు చేస్తున్నాం. పుస్తకంలో ఉన్నది నల్ల ఇంకుతో రాస్తాం, ఉన్నదాన్నిబట్టి ఊహించింది నీలంతో. మూడో రంగు లేదు.

పటమట చెల్లి మిరపకాయకు పేరు కట్టింది. బ్రిసింగర్ అంటే నిప్పు. పండుకు మాట మాకు ఎక్కడా దొరకలేదు. పావోలిని ఈ భాషకు పాత నార్స్ భాషను, అంటే స్కాండినేవియా వాళ్ల పూర్వపు భాషను, ఆధారం చేసుకున్నాడు కాబట్టి, నార్స్‌లో పండుకు ఉన్న ‘ఆల్డిన్’ తెచ్చి అతికించి ‘బ్రిసింగ్రాల్డిన్’ అంది. నోటుబుక్‌లో ఎక్కించమంది. నేను ఒప్పుకోలేదు.

ఎందుకో చెబుతాను. మొదటి పుస్తకంలో హీరో ఎరగాన్ ఒక పసిపాపను దీవిస్తాడు. ‘కీడు నుంచి నీకు రక్ష కలుగుగాక’ అనాలనుకున్నాడు. అందుకు ‘స్కోలిరో’ అనాలి, అంటే ‘రక్షణ పొందినది’. అతను ‘స్కోలిర్’ అన్నాడు, అంటే డాలు. చివర ఒక్క ఓకారం పోయింది. ‘కీడుకు నువ్వు డాలువి కమ్ము’ అని అర్థం మారిపోయి, ఆ పాప ఎల్వా చుట్టుపక్కల వాళ్ల బాధలన్నీ తన ఒంటి మీద మోయాల్సి వచ్చింది. ఇంత బరువున్న భాషలో, తోచిన మాట తెచ్చి అతికిస్తామా?

ఆ ఒక్క జత చూసి మనవాళ్లు ‘చివర ఓకారం పెడితే పొందినది అని అర్థం’ అని రూల్ రాసేశారు. మరి గాయం మాన్పే మంత్రం ‘వైసే హైల్’ సంగతేంటి? ‘స్వస్థుడివి కమ్ము’ అని కదా. అక్కడ ఓకారం ఏది?

పటమట
అక్కా, ఆ రోజు మీరు బస్సు తొందరలో నా మాట పూర్తిగా విననేలేదు.

ముందు హైల్ సంగతి. పాత నార్స్‌లో ‘హైల్’ అంటేనే ‘ఆరోగ్యంగా, నిండుగా ఉన్న’ అని. అది విశేషణం. దానికి ఓకారం అక్కర్లేదు. స్కోలిర్ నామవాచకం, డాలు. దాన్ని ‘రక్షణ పొందినది’గా మార్చాలంటే ఏదో ఒకటి చేర్చాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఇక మిరపకాయ. గుంటూరు యార్డు పక్కన ఉంటూ మీరే కాదంటే ఎట్లా? పోర్చుగీసు వాళ్లు తెచ్చేదాకా మిరపకాయ ఈ నేల మీదే లేదు. కారానికి మనకు మిరియం ఉండేది. ఆ మిరియం పేరే కాస్త మారి మిరపకాయ అయిందంటారు. అప్పుడు తెలుగువాళ్లు ఏ పదకోశంలో ఉందని వెతికారు? కొత్తది వచ్చింది, ఉన్న మాటతోనే పిలుచుకున్నారు. నేను చేసిందీ అంతే.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ సంగతి చూడండి. తన కథల్లోని ఎల్ఫుల కోసం ఆయన కట్టిన భాషల్లో క్వెన్యాకు ఫిన్నిష్, సిందారిన్‌కు వెల్ష్ ప్రేరణ. బతికినన్నాళ్లూ వ్యాకరణం మారుస్తూనే ఉన్నాడు. 1973లో ఆయన పోయాక, సినిమాలు తీసేటప్పుడు సంభాషణలకు ఆ మాటలు చాలక డేవిడ్ సాలో అనే భాషావేత్త ఖాళీలు పూరించాడు. లేకపోతే ఆ ఎల్ఫులు మౌనంగా నిలబడాల్సిందే.

తెనాలి మాస్టారు
ఎల్వా కథ చదవగానే నాకు వృత్రాసురుడు గుర్తొచ్చాడు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేశాడు. ‘ఇంద్రశత్రుః’ అన్న మాటలో ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, చివరి అక్షరం మీద పడితే తత్పురుష: ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదటి అక్షరం మీద పడితే బహువ్రీహి: ఇంద్రుడే ఎవరిని చంపుతాడో వాడు. స్వరం తప్పింది, కోరిక తిరగబడి వృత్రుడే చచ్చాడు. వేదం చెప్పేవాళ్లు ఈ కథ చెప్పి పిల్లల్ని ఇప్పటికీ జాగ్రత్త పెడతారు.

అయితే అమ్మా, స్వరం మారితే సమాసం మారుతుందని మనం ధైర్యంగా చెప్పగలుగుతున్నాం అంటే వెనక అలాంటి వాక్యాలు వేలున్నాయి. మీకున్నది ఒక్క జత.

అర్సులా లెగ్విన్ అనే రచయిత్రి రాసిన భూసాగర (ఎర్త్‌సీ) కథల్లో చిన్న ఉదాహరణ ఉంది. అక్కడి ఆది భాషలో ‘సుక్’ అంటే ఈక, ‘ఇనియెన్’ అంటే సముద్రం. రెండూ కలిసి ‘సుకియెన్’, సముద్రపు ఈక, అంటే నురగ. ఎంత అందమైన మాట! మన సంధిలాగే మధ్యలో ‘ఇన్’ జారిపోయింది. కానీ దీన్ని పట్టుకుని ప్రతి సమాసంలోనూ ‘ఇన్’ జారుతుందని సూత్రం రాయగలమా? నేనైతే రాయను.

మంగళగిరి
నాదీ మాస్టారి మాటే. మన భట్టిప్రోలు ఉందిగా. 1892లో స్తూపం తవ్వితే ధాతుపేటికల (అవశేషాలు దాచిన పెట్టెల) మీద రాతలు దొరికాయి. అప్పటిదాకా తెలిసిన బ్రాహ్మి లిపికి కొన్ని అక్షరాలు తేడా. అయినా బ్యూలర్ అనే పండితుడు చదవగలిగాడు, ఎందుకంటే అది ప్రాకృతం. తెలిసిన మాటలో ఒక్క అక్షరమే తెలియనిదైతే చుట్టూ ఉన్నవాటిని బట్టి అది ఫలానా అని పట్టుకోవచ్చు. ఆ పెట్టెల మీద కనబడని అక్షరాన్ని తనంతట తాను గీసి ఇది భట్టిప్రోలు లిపి అని ఆయన అనలేదు.

పటమట
అన్నా, ఆ పేటికల మీద రాసినవాళ్లు పోయి రెండు వేల ఏళ్లు దాటింది. మీరు చదివి ఊరుకుంటారు. నేను ఈ భాష మాట్లాడాలనుకుంటున్నా. మా తమ్ముడి పుట్టినరోజుకు ఈ భాషలో కార్డు రాద్దామని కూర్చుంటే సగం వాక్యానికే మాటలు అయిపోయాయి. వాడు ఆ నాలుగు పుస్తకాలూ అరిగిపోయేదాకా చదివాడు. వాడికి ఖాళీ గీతలు పెట్టి ఇవ్వమంటారా?

బ్రాడీపేట
కార్డు సంగతి నాకు చెప్పలేదేంటి చెల్లీ? ఆ రోజే చెబితే అంత గట్టిగా అనేదాన్ని కాదు.

నీ మెసేజ్ చూశాక నోటుబుక్ తీశాను. ‘హైల్’ గురించి నువ్వు చెప్పిందే కరెక్టు. నేనే తొందరపడ్డాను. ఆ పేజీలోనే ఇంకోటి కనబడింది. ‘చివర ఓకారం’ రూల్ నల్ల ఇంకుతో ఉంది. చేతిరాత నాది. ఒక్క జతను చూసి రాసిన రూల్‌ను పుస్తకంలో ఉన్న మాటతో సమానంగా పోయినేడు నేనే పెట్టాను. దాన్ని కొట్టేసి నీలంతో మళ్లీ రాశాను. పక్కన ‘ఒక్క ఉదాహరణే’ అని పెట్టాను.

నీ మాటకు మూడో రంగు కావాలి. పెన్సిల్‌తో రాద్దాం. పక్కన ఎవరు కట్టారు, ఎప్పుడు, ‘ఆల్డిన్’ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇవన్నీ ఉండాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే ఏది పావోలినిదో ఏది పటమటదో చూడగానే తెలియాలి. పుస్తకంలోనే ఎక్కడో పండుకు అసలు మాట కళ్లబడితే నీది చెరిపేస్తాను, కోప్పడకూడదు.

కార్డులో మాత్రం నీ ఇష్టం. అక్కడ రంగుల లెక్క లేదు.

పటమట
కార్డుకు ఒప్పుకున్నందుకు థాంక్స్ అక్కా. కానీ పెన్సిల్ రాత నోటుబుక్ చేతులు మారేకొద్దీ దానంతటదే మాసిపోతుంది. చెరపాల్సి వస్తే మనం కూర్చుని చెరపాలి గానీ రాపిడికి పోకూడదు. ఆకుపచ్చ ఇంకు తెస్తాను. వచ్చే ఆదివారం మీ బస్సుకు గంట ముందే మొదలుపెడదాం.