చెమ్మ తీసేస్తే పగ మిగులుతుందా?

గాంధీరోడ్డు పాఠకుడు:
ఎడ్గార్ అలన్ పో రాసిన 'ది కాస్క్ ఆఫ్ అమాంటిల్లాడో' (1846) మళ్లీ చదివాను. తనను అవమానించిన ఫార్చునాటోను వైన్ ఆశ చూపి నేలమాళిగలోకి దింపుతాడు మాంట్రెసర్. గొలుసు వేసి, బతికుండగానే గోడ కట్టేస్తాడు. గోడలకు పట్టిన తెల్లటి సురేకారం, ఎముకల కుప్పలు, ఫార్చునాటో ఆగని దగ్గు. ఆ చెమ్మ, ఆ మూడ్ తీసేస్తే కథలో పగ నిలబడదు. కాదనేవాళ్లు చెప్పండి.

మిట్టూరు మామిడి:
చెమ్మ ఉంటే చాలా అన్నా? మా పాత వంటింట్లోనూ ఉంది. మాంట్రెసర్ వెయ్యి గాయాలు ఓర్చుకున్నానంటాడు గానీ ఒక్కటీ చెప్పడు. లేని కారణాన్ని చీకటితో కప్పెట్టాడు రచయిత.

అలిపిరి మెట్లు:
మొదటి నుంచీ చీకటే కదా, ఇంక డౌటేంటి?

గాంధీరోడ్డు పాఠకుడు:
కాదు, మొదలయ్యేది కార్నివాల్ సందడిలో. ఫార్చునాటోది విదూషకుడి వేషం, టోపీకి గజ్జెలు. మన తిరుపతి గంగ జాతరే అనుకోండి. దాక్కున్న పాలెగాడి కోసం గంగమ్మ రోజుకో వేషం కట్టింది, దొర వేషం చూసి వాడు బయటికొచ్చాడు. చిన్నప్పుడు నేనూ ఒంటికి నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం కట్టాను. ఏడాదంతా అనలేని మాట పక్కింటాయన్ను ఆ రోజు అనేశాను. ఆయన నవ్వాడు. నేను మాత్రం ఆటకు అనలేదు.

మిట్టూరు మామిడి:
గంగమ్మను ఇందులోకి లాగొద్దు. ఆమె పగకు కారణం ఊరంతటికీ తెలుసు. పో కథే కావాలంటే 'హాప్ ఫ్రాగ్' (1849) చూడండి. రాజు తన మరుగుజ్జు విదూషకుడు హాప్ ఫ్రాగ్ చేత బలవంతంగా తాగిస్తాడు, అడ్డొచ్చిన అతని స్నేహితురాలు ట్రిపెట్టా ముఖాన వైన్ కొడతాడు. అంతా మన కళ్లముందే. తర్వాత హాప్ ఫ్రాగ్ రాజుకూ ఏడుగురు మంత్రులకూ తారు పూసి, నార అంటించి, గొలుసుకు వేలాడదీసి తగలబెడతాడు. కాగడాల వెలుగు, నిండు సభ. చెమ్మేది?

కాణిపాకం కుర్రోడు:
అమాంటిల్లాడో అంటే బ్రాందీనా సార్?

గాంధీరోడ్డు పాఠకుడు:
షెర్రీలో ఒక రకం నాయనా. మామిడి గారూ, మూడ్ అంటే చీకటొక్కటే అని నేనెప్పుడన్నాను?

మిట్టూరు మామిడి:
మీ మొదటి పోస్టు మీరే చదువుకోండి.

గాంధీరోడ్డు పాఠకుడు:
కారణం, కారణం అని వేలాడుతున్నారంటే మీకెప్పుడూ అవమానం జరగలేదన్నమాట.

మిట్టూరు మామిడి:
నాకా? తోతాపురి తోట పంచుకునేటప్పుడు మా అన్న బోరున్న వైపు రాయించుకున్నాడు. ఇంటి నడవకు అడ్డంగా గోడ పెట్టించాడు. తొమ్మిదేళ్లయింది. ఇటుక మీద తాపీ గీరిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆయన్నడిగితే వెయ్యి అవమానాలు చేసింది నేనే అంటాడు. ఆయన గొంతుతో కథ చెబితే మీరు ఆయన వైపే ఉంటారు. అదీ నా కోపం. చీకటి బాగుంది, చెమ్మ బాగుంది అంటూ మాంట్రెసర్‌కు ఇటుకలు అందిస్తున్నారు.

గాంధీరోడ్డు పాఠకుడు:
అందించాను, ఒప్పుకుంటా. అయితే చివరి పేజీ చూడండి. పదకొండో వరసలో ఒక్క రాయి మిగిలింది. పిలిస్తే లోపలి నుంచి గజ్జెల చప్పుడే జవాబు. అక్కడ మాంట్రెసర్‌కు గుండెలో ఎలాగో అవుతుంది. నేలమాళిగ చెమ్మ వల్ల అంటాడు. ఆ చెమ్మే లేకపోతే ఈ అబద్ధం ఎక్కడ దాచుకుంటాడు?

మిట్టూరు మామిడి:
ఆ వాక్యం నేను దాటేశాను. అయినా కారణం చెప్పలేదు కదా.

అలిపిరి మెట్లు:
మీ ఇంట్లో గోడ ఇంకా ఉందా అన్నా?

మిట్టూరు మామిడి:
ఉంది. ఇటువైపు సున్నం మేమే వేసుకుంటాం.