చంద్రగిరి దగ్గర లేఅవుట్‌లో పార్కు స్థలం అమ్ముతున్నారు, ఎవరిని కలవాలి?

అందరికీ నమస్కారం. మా నాన్న రిటైరైన డబ్బుతో ఇక్కడ ప్లాట్ కొన్నారు. ప్లాన్‌లో పార్కుగా చూపించిన చోట ఇప్పుడు రాళ్లు పాతి ప్లాట్లుగా అమ్ముతున్నారు. పక్కనే చెరువుకు పోయే వంకనూ మట్టితో పూడుస్తున్నారు. నాకు అసలు టెన్షన్ అదే. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం కదా.

లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి, పంచాయతీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అది రిజిస్టర్ అయిందో లేదో ఈసీ (ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) తీస్తే తెలుస్తుందా? తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాన్ కాపీ ఆర్టీఐ పెట్టకుండా దొరుకుతుందా? ఆర్టీఐ అంటే 30 రోజులు, ఈలోగా రిజిస్ట్రేషన్లు అయిపోతాయేమోనని భయం. వంక గురించి తహసీల్దారుకు రాయాలా, ఇరిగేషన్ వాళ్లకా? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి పని జరిగినవాళ్లుంటే, ఏ కాగితాలు జత చేశారో దయచేసి చెప్పండి.