టెస్టోస్టెరాన్‌ను తగ్గించే మందులతో ఎల్‌హెచ్ ఒకసారి పెరిగి, ఒకసారి పడిపోవడం ఎందుకు?

ప్రశ్న (పీజీ విద్యార్థి):
నమస్కారం. ఆరోగ్యవంతులైన పురుషులకు హార్మోన్లను అణచే మందులిచ్చి, పీయూష గ్రంథి స్రావాలను గమనించిన అధ్యయనాలు చదువుతున్నాను. కీటోకొనజోల్‌తో టెస్టోస్టెరాన్ తగ్గి, ఎల్‌హెచ్ (వృషణాలను టెస్టోస్టెరాన్ తయారీకి ప్రేరేపించే పీయూష గ్రంథి హార్మోన్) పెరుగుతోంది. సెట్రోరెలిక్స్‌తో రెండూ తగ్గుతున్నాయి. ల్యూప్రోలైడ్ మొదట రెండింటినీ పెంచి, తరువాత అణచేస్తోంది. చివరికి మూడూ టెస్టోస్టెరాన్‌ను తగ్గించేవే కదా, మరి ఈ తేడా ఎందుకు? పీయూష గ్రంథి నుంచే వచ్చే మరో హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ నెమ్మదిగా తగ్గడానికి కారణమేమిటి?

మొదటి సమాధానం:
మందు ఏ హార్మోన్‌ను తగ్గిస్తుందన్నది కాక, ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతుందో చూడండి. కీటోకొనజోల్ వృషణాల్లోనూ అడ్రినల్ గ్రంథుల్లోనూ స్టెరాయిడ్ల తయారీకి కావలసిన ఎంజైములను అడ్డుకుంటుంది. పీయూష గ్రంథి జోలికి పోదు. టెస్టోస్టెరాన్ తగ్గేసరికి, అది మెదడులోని హైపోథాలమస్ మీద, పీయూష గ్రంథి మీద వేసే కళ్లెం వదులై, ఎల్‌హెచ్ పెరుగుతుంది. సెట్రోరెలిక్స్ పీయూష గ్రంథి కణాల మీదున్న జీఎన్‌ఆర్‌హెచ్ (ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను విడుదల చేయమని హైపోథాలమస్ పంపే హార్మోన్) గ్రాహకాలనే ఆక్రమిస్తుంది కాబట్టి, కళ్లెం ఎంత వదులైనా హైపోథాలమస్ పంపే ఆజ్ఞ కణానికి చేరదు. కొద్ది గంటల్లోనే ఎల్‌హెచ్ పడిపోతుంది.

ల్యూప్రోలైడ్ కథ వేరు. అది గ్రాహకాన్ని అడ్డుకోదు, ప్రేరేపిస్తుంది. సహజంగా జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు విడతలుగా, పురుషుల్లో సుమారు ఒకటిన్నర నుంచి రెండు గంటలకొకసారి వెలువడుతుంది. ఆ విరామమే లేకుండా ప్రేరణ నిరంతరాయంగా అందితే, తొలి రోజుల ఉప్పెన తరువాత గ్రాహకాలు తగ్గి, కణం స్పందించడం మానేస్తుంది. టెస్టోస్టెరాన్ అట్టడుగు స్థాయికి చేరడానికి సాధారణంగా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1978లో రీసస్ కోతులలో ఈ సంగతినే చూపింది: అదే జీఎన్‌ఆర్‌హెచ్‌ను విడతలుగా ఇస్తే గొనాడోట్రోపిన్లు (ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్) నిలబడ్డాయి, ఆపకుండా ఎక్కిస్తే పడిపోయాయి.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. పురుషుల్లో ఆ కళ్లెం టెస్టోస్టెరాన్ ఒక్కదానిదే కాదు, దాని నుంచి తయారయ్యే ఈస్ట్రోజెన్‌ది కూడా. ఈస్ట్రోజెన్ తయారీని అడ్డుకునే అనాస్ట్రోజోల్ ఇస్తే టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది, అయినా ఎల్‌హెచ్ పెరగడం ఇందుకే. ఇక ఎఫ్‌ఎస్‌హెచ్ విషయానికొస్తే, రక్తంలో దాని అర్ధాయువు ఎల్‌హెచ్ కన్నా చాలా ఎక్కువ. పైగా అది జీఎన్‌ఆర్‌హెచ్ విడతల మీద అంతగా ఆధారపడదు, వృషణాల నుంచి వచ్చే ఇన్‌హిబిన్ బి దాన్ని తగ్గిస్తుంది, పీయూష గ్రంథిలోనే తయారయ్యే యాక్టివిన్ పెంచుతుంది. అందువల్ల సెట్రోరెలిక్స్ వంటి, గ్రాహకాన్ని అడ్డుకునే విరోధి మందుతో అది తగ్గినా ఆలస్యంగా, అసంపూర్తిగా తగ్గుతుంది.

కీటోకొనజోల్ అధ్యయనాలు చదివేటప్పుడు అడ్రినల్ హార్మోన్ అయిన కార్టిసాల్‌ను మరచిపోకండి. అదీ తగ్గుతుంది గనుక ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే పీయూష గ్రంథి హార్మోన్) పెరుగుతుంది. పరిశోధకులు గ్లూకోకార్టికాయిడ్ (కార్టిసాల్ వంటి మందు) కలిపి ఇచ్చారో లేదో చూడకుండా ఫలితాలను పోల్చడం నా దృష్టిలో వృథా.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మరి ఉదయం తీసిన ఒక్క రక్త నమూనాతో ఎల్‌హెచ్ మార్పును నిర్ధారించవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు:
అణచివేత పూర్తయిందో లేదో స్థూలంగా తెలుస్తుంది, అంతే. విడత ఎగసిన క్షణంలో తీసిన నమూనాకూ, రెండు విడతల నడుమ తీసినదానికీ ఒకే మనిషిలోనే ఎంతో తేడా ఉంటుంది. విడతల సంఖ్య పెరిగిందా, ఒక్కో విడతలో వెలువడే పరిమాణం పెరిగిందా అని తేల్చాలంటే గంటల తరబడి పది నిమిషాలకొకసారి రక్తం తీయవలసిందే. ల్యూప్రోలైడ్ మీద వచ్చిన పాత వ్యాసాల్లో కొలత పద్ధతిని కూడా గమనించండి: ఆ మందు వాడుతున్నప్పుడు ఎల్‌హెచ్ అణువులో ఒక భాగమైన ఆల్ఫా ఉపభాగం విడిగా వెలువడుతూనే ఉంటుంది, నాటి రేడియో ఇమ్యునోఅస్సేలలో (రేడియోధార్మిక గుర్తుతో హార్మోన్‌ను కొలిచే పరీక్షల్లో) కొన్ని దాన్ని కూడా ఎల్‌హెచ్‌గానే లెక్కగట్టాయి.