సగంలో ఆగిన బడి గదులకు ఇప్పుడు డబ్బు ఎవరిని అడగాలి?

మాది ఆంధ్రాలో ఒక చిన్న పల్లెటూరు, మా పాప చదివే బడిలో నేను తల్లిదండ్రుల కమిటీ సభ్యుణ్ణి. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడతలో రెండు అదనపు గదులు మంజూరైతే పునాదులు పడ్డాయి, పిల్లర్లు లేచాయి, అక్కడితో పని ఆగిపోయింది. పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి చేతికి పొడి అంటుతోంది, ఆ పిల్లర్ల మధ్యే పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే నాకు టెన్షన్.

నాకు తెలిసిందల్లా ఇంతే: మొదటి విడతలో 15,715 బళ్లు తీసుకున్నారు, డబ్బు కమిటీ ఖాతాలో పడితే సిమెంటు, ఇసుక మేమే చూసుకునేవాళ్లం. అది కాక సమగ్ర శిక్ష అనే బడుల పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెడతాయి. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధి ఉంటుంది కదా, అందులోంచి బడి గదులకు ఇస్తారని విన్నా.

నా అనుమానం ఏంటంటే, ఒక పథకంలో మొదలుపెట్టిన గదిని ఇంకో నిధితో పూర్తి చేయనిస్తారా, లేక పాత లెక్క మూసేదాకా ఆగాలా? అర్జీ ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ఇవ్వాలా, నేరుగా కలెక్టరేట్‌లోనా? మా ఊరివాళ్లు ఇద్దరు అమెరికా నుంచి శ్లాబుకి డబ్బు పంపుతామంటున్నారు, అది కమిటీ ఖాతాలో వేయించుకోవచ్చా? (ఊళ్లో చందా మాట ఎత్తితే గుడికి ఇస్తారు గానీ బడికి కష్టం.) ఆ తుప్పు చువ్వల మీదే శ్లాబు వేస్తే నిలుస్తుందా అన్నది కూడా ఇంజనీర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.